అక్షరాలకు అంకెలు: ఊహించకుండా తేల్చడం ఎలా?

ప్రశ్న: ఎస్సై పరీక్షకు చదువుతున్నాను. రీజనింగ్‌లో కోడింగ్-డీకోడింగ్ దగ్గరే టైమంతా పోతోంది. ఏ అక్షరానికి ఏ అంకో తెలియక ఒక్కో అంకె పెట్టి చూస్తూ పోతున్నాను. కొన్నిసార్లు తగులుతుంది, కొన్నిసార్లు రఫ్ పేపర్ నిండినా రాదు. టెన్షన్‌లో తర్వాతి ప్రశ్నలు కూడా పోతున్నాయి. దీనికో పద్ధతి ఉందా? నిన్న మాక్ టెస్టులో వచ్చింది ఇది: మమత + సమత = గలగల. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. అన్ని అక్షరాల విలువలు కనుక్కోవాలి.

జవాబు:

పద్ధతి ఉంది. మీ లెక్కతోనే మొదలుపెడదాం. ఇందులో మ, త, స, గ, ల అని ఐదు అక్షరాలున్నాయి. పది అంకెల్లోంచి ఐదింటికి ఐదు వేర్వేరు అంకెలు పెట్టడానికి 30,240 దారులున్నాయి. ఒక్కోటి పెట్టి చూస్తే తెల్లారిపోతుంది. అదే లెక్కను ఆరేడు లైన్లలో, ఎక్కడా గుడ్డిగా అంకె పెట్టకుండా తేల్చవచ్చు. "ఈ అక్షరానికి ఏ అంకె పెడదాం" అనుకోవడం మానేసి "ఈ అక్షరం ఏయే అంకెలు కాలేదు, ఎందుకు కాలేదు" అని అడగడం మొదలుపెట్టండి.

ముందుగా మూడు షరతులు. ప్రశ్నలో రాయకపోయినా ఇవి ఉన్నట్టే లెక్క: ఒక అక్షరం ఎన్నిసార్లు వచ్చినా దాని అంకె అదే, రెండు వేర్వేరు అక్షరాలకు ఒకే అంకె ఉండదు, ఏ సంఖ్యా సున్నాతో మొదలవదు. చాలామంది మూడోదాన్ని మర్చిపోతారు. లెక్క చిక్కుపడేది ఎక్కువగా అక్కడే.

ఇప్పుడు కూడికను నిలువుగా రాయండి. అడ్డంగా రాసుకుంటే కంటికి ఏమీ ఆనదు.

  మ మ త
+ స మ త
---------
గ ల గ ల

రెండు మూడంకెల సంఖ్యలు కూడితే నాలుగంకెల సంఖ్య వచ్చింది. మూడంకెల సంఖ్యల్లో పెద్దది 999. రెండు 999లు కలిసినా 1998 దాటదు. కాబట్టి వేల స్థానంలో ఉన్న గ కచ్చితంగా 1. ఈ రకం లెక్కల్లో మొదట చూడాల్సిన చోటు ఇదే, ఎడమ చివర కొత్తగా పుట్టిన అక్షరం.

గ తెలిసింది కాబట్టి గ ఇంకెక్కడ ఉందో చూడండి. జవాబులో పదుల స్థానంలో ఉంది. ఆ నిలువు వరుసలో మ + మ ఉంది. ఒకే అంకెను రెండుసార్లు కూడితే ఎప్పుడూ సరిసంఖ్యే వస్తుంది. కానీ కింద 1 ఉంది, అది బేసి. అంటే ఒకట్ల స్థానం నుంచి చేతిలో ఒకటి వచ్చి కలవాల్సిందే. ఈ ఒక్క మాటతో రెండు సంగతులు తేలాయి. మొదటిది, త + త పది గానీ అంతకంటే ఎక్కువ గానీ, అంటే త 5 నుంచి 9 లోపు. రెండోది, మ + మ కూడితే చివర 0 రావాలి. అలాంటి అంకెలు 0, 5 రెండే. మమత అనే సంఖ్య మ తోనే మొదలవుతోంది కాబట్టి మ సున్నా కాదు. మ = 5.

పదుల స్థానంలో 5 + 5 + 1 = 11. ఒకటి కింద రాసి ఇంకో ఒకటి వందలకు పంపాం. వందల స్థానంలో 5 + స + 1, అది 10 + ల కి సమానం. అంటే స = ల + 4.

మిగిలింది త. 5 ని మ తీసుకుంది కాబట్టి త 6, 7, 8, 9 లలో ఒకటి. ఇప్పుడు మాత్రం పెట్టి చూడవచ్చు, నాలుగే ఉన్నాయి కాబట్టి. త 6 అయితే 12, ల = 2, స = 6. త, స రెండూ 6 అయ్యాయి, కుదరదు. త 7 అయితే 14, ల = 4, స = 8. అన్నీ వేర్వేరు, సరిపోయింది. త 8 అయితే ల = 6, స = 10. అంకె కాదు. 9 అయితే స ఇంకా పెద్దది. కాబట్టి త = 7 తప్ప దారి లేదు.

557 + 857 = 1414. మమతా సమతా కలిస్తే గలగలే మరి!

త దగ్గర కూడా పెట్టే చూశాం కదా, ఇందులో కొత్తేముంది అనుకోవచ్చు. పెట్టి చూడటం తప్పేమీ కాదు. 30,240 ఉన్నప్పుడు పెట్టి చూడటం వేరు, నాలుగు మిగిలాక పెట్టి చూడటం వేరు. పైగా నాలుగింటినీ చూశాం. 7 దగ్గర సరిపోగానే ఆగిపోయి ఉంటే జవాబు వచ్చేది గానీ, ఇంకో జవాబు లేదని తెలిసేది కాదు.

ఆ "ఇంకో జవాబు" సంగతి చిన్నది కాదు. ఈ లెక్క చూడండి: కనక + కనక = గలగల. ఇందులోనూ గ = 1. ఇందాకటి కారణంతోనే ఒకట్ల స్థానం నుంచి క్యారీ, అంటే చేతిలో ఒకటి, రావాలి, న 0 గానీ 5 గానీ కావాలి. న ఇక్కడ నడిమి అక్షరం కాబట్టి సున్నాను కొట్టేయడానికి లేదు. 5 అనుకుంటే పదుల నుంచి వందలకు ఒకటి వెళ్తుంది. అప్పుడు వందల్లో క + క + 1 చివరా, ఒకట్లలో క + క చివరా ఒకే ల రావాలి. అది జరగదు. కాబట్టి న = 0. ఇక క సంగతి. 5 అయితే ల కూడా 0 అయి న తో ఢీకొంటుంది. 6, 7, 8, 9 మాత్రం నాలుగూ కుదురుతాయి: 606 + 606 = 1212, 707 + 707 = 1414, 808 + 808 = 1616, 909 + 909 = 1818. క ఎంత అని అడిగితే చెప్పలేం. న ఎంత అని అడిగితే మాత్రం తడుముకోకుండా 0 అనవచ్చు. అందుకే పరీక్షలో ముందు దేన్ని అడిగారో చూసుకోండి. ఒక అక్షరమే అడిగితే, అది తేలగానే పెన్ను దించేయవచ్చు. మిగతావి తేల్చకపోయినా మార్కు మార్కే.

నా దగ్గర చదువుకునేవాళ్లకు మొదటి రోజు ఇచ్చే లెక్క మాత్రం ఇది: కల + కల + కల = సకల. మూడుసార్లు ల కూడితే చివర ల నే వచ్చింది. అంటే రెండు ల లు కలిసి చివర సున్నా ఇవ్వాలి. ల 0 లేదా 5. ల 5 అయితే 15, చేతిలో ఒకటి. పదుల్లో మూడు క లు, ఒకటి కలిపి చివర క రావాలి. అంటే రెండు క లకు ఒకటి కలిపితే చివర సున్నా రావాలి, కానీ అది బేసి, సున్నాతో ముగియదు. కాబట్టి ల = 0. ఇప్పుడు మూడు క ల చివర క రావాలంటే క 0 లేదా 5, మొదటి అక్షరం కాబట్టి 5. మూడు ఐదులు 15, స = 1. 50 + 50 + 50 = 150. అంకె పెట్టి చూసే పని ఒక్కసారి కూడా పడలేదు. ఇంకా పొట్టి దారి కూడా ఉంది. సకల అంటే వంద స లు, ఒక కల. రెండు వైపులా ఒక కల తీసేస్తే, రెండు కలలు వంద స లకు సమానం. అంటే కల = 50 × స. కల రెండంకెల సంఖ్య కాబట్టి స 1 దాటడానికి వీల్లేదు. మొదటి దారి ఏ కూడికకైనా పనికొస్తుంది. రెండోది తట్టినప్పుడు వాడుకోవాలి, తట్టేదాకా కూర్చుని ఎదురుచూడకూడదు.

ఇంగ్లిష్ అక్షరాలతో వచ్చేవాటిలో అందరికీ తెలిసినది "సెండ్ + మోర్ = మనీ" (SEND + MORE = MONEY). హెన్రీ డ్యూడెనీ అనే ఇంగ్లండ్ పజిళ్ల రచయిత 1924 జులైలో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో ఇచ్చాడు. ఇప్పటికీ కోచింగ్ మెటీరియల్‌లో అదే తిరుగుతూ ఉంటుంది. ఎనిమిది అక్షరాలు, 18,14,400 దారులు. కానీ లెక్క లోపల చాలా బిగువుగా ఉంటుంది. ఎడమ చివర ఎమ్ = 1. ఎస్ కి ఒకటి, క్యారీ ఉంటే అదీ కలిస్తే కనీసం పది కావాలి కాబట్టి ఎస్ 8 లేదా 9. ఆ కూడికలో వచ్చే ఓ 0 గానీ 1 గానీ కావాలి. 1 ని ఎమ్ తీసుకుంది కాబట్టి ఓ = 0. వందల్లో ఈ + 0 చేస్తే ఎన్ వచ్చింది. రెండూ వేర్వేరు కాబట్టి క్యారీ వచ్చి కలిసింది, ఎన్ అనేది ఈ కంటే ఒకటి ఎక్కువ. ఈ 9 అయితే ఎన్ సున్నా అవుతుంది, సున్నా ఓ దగ్గరుంది. కాబట్టి వందల నుంచి వేలకు క్యారీ వెళ్లదు, ఎస్ = 9. పదుల్లో ఎన్ + ఆర్ చివర ఈ రావాలంటే, ఆర్, కింది నుంచి వచ్చే క్యారీ కలిసి 9 కావాలి. 9 అయిపోయింది కాబట్టి ఆర్ = 8, క్యారీ 1. ఇక డీ + ఈ పది దాటాలి, వై కి 0, 1 దొరకవు. అంటే డీ + ఈ కనీసం 12. మిగిలిన 2 నుంచి 7 వరకు అంకెల్లో 12 కి 5, 7. 13 కి 6, 7. ఎలా చూసినా 7 ఉంటుంది. ఈ 7 అయితే ఎన్ 8 అవుతుంది, అది ఆర్ ది. కాబట్టి డీ = 7. ఈ 6 అయితే ఎన్ 7, అదీ అయిపోయింది. ఈ = 5, ఎన్ = 6, వై = 2. మొత్తం 9567 + 1085 = 10652.

ఈ జవాబును బట్టీ పట్టి "ఎమ్ అంటే 1, ఓ అంటే 0" అని ట్రిక్కులా చెప్పే వీడియోలు ఉన్నాయి. వాటి జోలికి పోకండి. ఎమ్ ఆ లెక్కలో అక్కడ కూర్చుంది కాబట్టి 1 అయింది. ఇంకో లెక్కలో ఎక్కడ కూర్చుంటే దాన్ని బట్టి ఉంటుంది.

ఉద్యోగ నియామక పరీక్షల్లో, ముఖ్యంగా ఈలిట్మస్ లాంటివాటిలో, గుణకారం రూపంలో కూడా వస్తాయి. అక్కడ మొదటి చూపు ఒకట్ల స్థానం మీద ఉండాలి. రెండు అంకెలు గుణిస్తే చివర ఆ రెండింటిలో ఒకటే మళ్లీ వచ్చిందనుకోండి. వచ్చిన అంకె 0 అయి ఉండాలి, లేదా గుణించినది 1 అయి ఉండాలి, లేదా వచ్చినది 5 అయి గుణించినది బేసి అయి ఉండాలి, లేదా గుణించినది 6 అయి వచ్చినది సరి అయి ఉండాలి. ఈ నాలుగే. ఇది తెలిస్తే గుణకారం లెక్కల్లో సగం భయం పోతుంది.

ఇక ఎస్సై, బ్యాంకు పరీక్షల్లో కూడికల కంటే ఎక్కువగా కనిపించేది పదాలూ కోడ్‌లూ ఇచ్చే రకం. కమల, మరక, సరస, కలత అని నాలుగు పదాలు. వాటిలో మూడింటి కోడ్‌లు వరుస మార్చి ఇచ్చారు: 758, 494, 297. కోడ్‌లో అంకెలు మాత్రం పదంలో అక్షరాల వరుసలోనే ఉన్నాయి. కమల కోడ్ ఎంత?

ఇక్కడ అంకెల విలువతో పనిలేదు, ఆకారం చూడాలి. 494 లో మొదటిదీ చివరిదీ ఒకటే. అలాంటి పదం సరస ఒక్కటే. స = 4, ర = 9. 297 లో నడుమ 9 ఉంది, అంటే నడుమ ర ఉన్న పదం, మరక. మ = 2, క = 7. మిగిలిన 758 కోడ్ కమలదో కలతదో కావాలి. కమలదైతే నడుమ మ, అంటే 2 ఉండాలి. 5 ఉంది. కాబట్టి అది కలత. ల = 5, త = 8. కమల 725.

ఇదే ప్రశ్నలో ఒక్క మాట మార్చి, కోడ్‌లో అంకెల వరుస కూడా మారిపోయింది అన్నారనుకోండి. 857, 449, 792 అని ఇచ్చారు. రెండుసార్లు వచ్చిన అంకెను బట్టి 449 ఇప్పటికీ సరసే, స = 4, ర = 9. 9 ఉంది కాబట్టి 792 మరకే. కానీ మ, క ల్లో ఏది 7, ఏది 2? 857 ని చూడాలి. కమలలో, మరకలో రెండు అక్షరాలు ఒకటే. 857, 792 ల్లో ఒకటే అయిన అంకె 7 ఒక్కటే. అందుకని 857 కమల కాదు, కలత. కలతకూ మరకకూ రెండింట్లో ఉన్న అక్షరం క, కాబట్టి క = 7, మ = 2. అక్కడితో ఆగిపోతాం. ల, త ల్లో ఏది 5, ఏది 8 అనేది చెప్పడానికి ప్రశ్నలో ఏమీ లేదు. కమల కోడ్‌లో 7, 2 ఉంటాయి, మూడోది 5 లేదా 8. ఆప్షన్లలో "ఇచ్చిన సమాచారం చాలదు" ఉంటే ధైర్యంగా అదే పెట్టండి. తెలివైనవాళ్లు కూడా ఇక్కడే తప్పు చేస్తారు. జవాబు తేలడం లేదంటే తమకే ఏదో తట్టలేదని అనుకుని, ఇంకో రెండు నిమిషాలు తగలేసి చివరికి 725 పెట్టేస్తారు. "ఎందుకు తేలదు" అని ఒక వాక్యం చెప్పగలిగితే, మీకు తట్టకపోవడం కాదు, ప్రశ్నే అంతవరకు ఉందని అర్థం.

మూడో రకం, ఏ 1, బి 2 అంటూ జెడ్ 26 దాకా వెళ్లే స్థానాల లెక్క. దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఈ, జే, ఓ, టీ, వై లకు 5, 10, 15, 20, 25 అని గుర్తుంటే మిగతావి ముందుకో వెనక్కో లెక్కపెట్టుకోవచ్చు. వెనక నుంచి స్థానం కావాలంటే 27 లోంచి తీసేయండి. ఒకే జాగ్రత్త చెప్తాను. ఒక్క ఉదాహరణ చూసి రూల్ ఖాయం చేసుకోకండి. ఏసీ అంటే 4 అన్నారనుకోండి. ఏ 1, సీ 3, మొత్తం 4 అని ఒకరు అంటారు. రెండు అక్షరాలు, రెండు రెళ్లు నాలుగు అని ఇంకొకరు అంటారు. రెండూ సరిపోతాయి. తర్వాతి ఉదాహరణ క్యాట్ అంటే 24 అని ఉంటే అప్పుడు తేలుతుంది: 3 + 1 + 20 = 24, కూడికే. అక్షరాల సంఖ్య వర్గం అయితే 9 రావాలి. ప్రశ్నలో రెండో ఉదాహరణ ఇచ్చేది ఇందుకే. దాన్ని చదవకుండా ఆప్షన్లకు వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ కటపయాది, అంటే అక్షరాలకు అంకెలు కట్టే పాత పద్ధతి, గుర్తొచ్చేవాళ్లు ఉంటారు. సంగీతం నేర్చుకున్నవాళ్లకు తెలుసు, మేళకర్త రాగం పేరులో మొదటి రెండు అక్షరాల అంకెలు తిప్పి చదివితే రాగం సంఖ్య వస్తుంది. మాయామాళవగౌళలో మ 5, య 1, తిప్పితే 15. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిప్పితే 29. అదీ అక్షరాలకు అంకెలే, కానీ మన లెక్కలకు పూర్తిగా వేరు. అక్కడ క, ట, ప, య నాలుగూ 1 కిందే వస్తాయి, కాబట్టి అంకె నుంచి వెనక్కి అక్షరానికి వెళ్లలేం. పైగా పట్టిక ముందే చేతిలో ఉంటుంది, తేల్చాల్సిందేమీ లేదు. మన లెక్కల్లో పట్టిక ఉండదు. కానీ ఒక అక్షరానికి ఒకే అంకె, ఒక అంకెకు ఒకే అక్షరం అనే బిగింపు ఉంటుంది. మమత + సమత లో త 6 ని కొట్టేసింది ఆ బిగింపే.

కాగితం వాడే తీరు గురించి ఒక మాట. పక్కన 0 నుంచి 9 వరకు ఒక వరుసలో రాసుకుని, అయిపోయిన అంకెను కొట్టేస్తూ రండి. ప్రతి నిలువు వరుస మీదా క్యారీ ఉందో లేదో చిన్నగా రాయండి, తెలియకపోతే ప్రశ్నార్థకం పెట్టండి. మీ రఫ్ పేపర్ నిండిపోవడానికి కారణం ఈ క్యారీలను మనసులో పెట్టుకోవడమే అయి ఉంటుందని నా అనుమానం. రెండు సంఖ్యల కూడికలో క్యారీ 0 లేదా 1, అంతకు మించి ఉండదు. కాబట్టి అక్షరం ఎంత అని అడిగే ముందు క్యారీ ఎంత అని అడిగితే రెండే దారులు చూడాలి. సాధారణంగా ఒకటి అప్పటికప్పుడే మూసుకుపోతుంది. జవాబు వచ్చాక అంకెలన్నీ తిరిగి పెట్టి ఒకసారి కూడి చూడండి, పది సెకన్ల పని.

చివరగా మీకో లెక్క. లలన + జలజ = గలగల. ఇక్కడా గ కి దారి మమత లెక్కలో చూసినదే, కానీ జ దగ్గర కొంచెం వేరే మలుపు ఉంది. పెట్టి చూసే పని ఒక్కసారి కూడా రాదు. చేసి, న ఎంతో, జ ఎంతో, ఏ వరుసలో తేల్చారో కింద రాయండి, చూసి చెప్తాను.